తేరని పెట్రోలు

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎవరో తెలియనివాళ్ళు ఉండేవారు గానీ ఒక్కలాగుడక్క ఎవరో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అక్కడ గడ్డి కోసేది. కూర్చుని కొడవలితో కోసే రకం కాదు. భుజానికి పట్టీ తగిలించుకుని, పొడుగాటి గొట్టం చివర తిరిగే బ్లేడుతో, చెవులు దిమ్మెక్కే చప్పుడుతో ఆవరణంతా కలియదిరిగే మనిషి. ఆ మిషను పాతది. దాని రంగు ఏనాడో పోయింది. మీట నొక్కితే లేచే సుకుమారం దానికి లేదు, తాడు పట్టి గుంజితేనే లేస్తుంది. అలాంటి మిషన్ల దగ్గర మగవాళ్ళు పడే తంటాలు లోకం చూసినవే. ఒకసారి గుంజుతారు, రెండోసారి గుంజుతారు, మూడోసారికి చొక్కా విప్పుతారు, నాలుగోసారికి మిషను చేసినవాడి అమ్మానాన్నల్ని తలుచుకుంటారు. అక్క అలా కాదు. కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడు లాగేది. మిషను పిలిస్తే పలికినట్టు లేచేది.

ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఆవిడకు మాత్రం ఆ పేరంటే ప్రాణం. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో జీతం ఇచ్చే రోజున పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు కూడా.

అంతకు ముందు ఆవిడ వార్డులు ఊడ్చేది. గడ్డి కోసే ముసలాయన మానేసి వెళ్ళిపోయాక మిషను షెడ్డులో సాలెగూళ్ళు పట్టి పడి ఉంటే, దాన్ని తుడిచి, కడిగి, నూనె పట్టించి, "నేను పడతాను ఈ పని" అంది. "ఆడదానివి, ఆ తాడు నీ వల్ల అవుతుందా" అన్నాడు అప్పటి మేస్త్రీ. ఆవిడ తాడు లాగింది. మేస్త్రీ నోరు మూతపడింది, మిషను నోరు తెరుచుకుంది. ఆ రోజు నుంచీ దాని మీద మరొకరి చెయ్యి పడనివ్వలేదు. షెడ్డు తాళం చెవి కొంగున కట్టుకు తిరిగేది. కొడుకు లారీ మీద దేశాలు పట్టి తిరిగే మనిషి కాబట్టి ఇంట్లో ఉండేది తనూ కోడలూనే. ఆ కోడలికి బీరువా తాళాలైనా ఇచ్చింది గానీ షెడ్డు తాళం ఇవ్వలేదు.

అక్కకు ఒక పద్ధతి ఉంది. దేన్నయినా తేరనిచ్చి ముట్టుకోవాలన్నది ఆవిడ తల్లి నేర్పిన మాట. బిందెలో నీళ్ళు తేరాలి, డబ్బాలో నూనె తేరాలి. ఎవరైనా ఒక మాట అన్నా రెండు రోజులు తేరనిస్తే మడ్డి అడుక్కి పోయి అసలు సంగతి పైకి వస్తుంది. అక్క ఈ పద్ధతిని పెట్రోలుకి కూడా పట్టించింది. బంకు నుంచి డబ్బాలో తెచ్చిన పెట్రోలును మందుల గదివాళ్ళు పారేసిన వెడల్పు మూతి గాజు సీసాలో పోసేది. మూతికి పల్చటి గుడ్డ కట్టేది. గట్టి మూత పెడితే దానికి ఊపిరాడదని ఆవిడ నమ్మకం. షెడ్డులో మూల రెండు రోజులు కదపకుండా ఉంచితే అడుగున ఇంత దుమ్మూ, ఆవగింజల్లాంటి నాలుగు నీటి చుక్కలూ చేరేవి. పై తేట వంపుకుని, అడుగున వేలెడు వదిలేసి, తేటలో నూనె కలిపి మిషనుకు పోసేది.

"పెట్రోలుకి కూడా నిద్ర కావాలా అక్కా?" అని గేటు దగ్గర కుర్చీలో కూర్చునే తమ్ముడు వేళాకోళం ఆడేవాడు.

"నీకు పగలంతా కావాలి కదా, దానికి రెండు రోజులైనా వద్దా" అనేది ఆవిడ.

ఆ గేటు తమ్ముడు ఎంత బక్క అంటే, గాలి వస్తే గేటును ఇతను ఆపుతున్నాడో ఇతన్ని గేటు ఆపుతోందో చెప్పడం కష్టం.

అలా ఏళ్ళు గడిచాయి. వానలు మొదలైన ఒక ఉదయం, వైద్యానికి వచ్చినవాళ్ళు బెంచీల మీద కూర్చుని చూస్తుండగా, అక్క కాళ్ళు ఎడంగా పెట్టి తాడు లాగింది. మిషను లేవలేదు. ఆవిడ తాడు వంక చూసింది. మళ్ళీ లాగింది. ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. మూడు, నాలుగు అయ్యాయి. బెంచీల మీదివాళ్ళు తమ రోగాలు మరిచి ఇటు తిరిగారు. గేటు వైపు నుంచి కూడా ఒక దగ్గు వినిపించింది. అది మాత్రం రోగం దగ్గు కాదు. చెమటతో జాకెట్టు తడిసి వీపుకి అంటుకునే వేళకి మిషను ఎలాగో లేచి, నలుగురు లేపి నిలబెట్టిన ముసలివాడిలా నడిచింది.

ఏ పనిలోనైనా ఒక రోజు ఇలా జరుగుతుంది, తేరనిద్దాం అనుకుంది అక్క. మర్నాడూ అదే. ఆ తర్వాతా అదే.

మొదట తాడు మీద అనుమానపడింది, కొత్తది వేయించింది. ప్లగ్గు మీద అనుమానపడింది, తీసి ఇసుక కాగితంతో రుద్దింది. పెట్రోలు మీద మాత్రం అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? ఆ మధ్య పెట్రోలు ఎంత శుభ్రంగా వస్తోందంటే సీసా అడుగున మడ్డి చేరడం మాట దేవుడెరుగు, ఒక్క నీటి చుక్క కూడా ఉండటం లేదు. పైనుంచి కిందికి ఒకటే రంగు. అడుగున వేలెడు వదలడం కూడా మానేసి చివరి బొట్టు దాకా వాడుతోంది. ఒక్కటైనా బాగుపడింది లోకంలో అని సంతోషించింది కూడా. అయినా అనుమానం ఎందుకని, రెండు రోజులు తేర్చేదాన్ని నాలుగు రోజులు తేర్చింది. నాలుగు రోజులకీ లాభం లేకపోతే వారం తేర్చింది. మిషను ఇంకా మొరాయించింది.

ఇక మిగిలింది చెయ్యి.

ఆ మాట మనసులోకి వచ్చిన రోజు ఆవిడ అన్నం సరిగా తినలేదు. తల్లికి కుడి చెయ్యి ఇలాగే మొదలైంది. ముందు సీసా మూత రాలేదు. తర్వాత చెంబు జారింది. ఏమీ కాదు, తేరుకుంటుందిలే అన్నారు అందరూ. ఆఖరికి ముద్ద నోటిదాకా రాని రోజు వచ్చింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నిమురుతూ కూర్చున్నది కూతురే. తల్లి తేరుకోలేదు. కూతురికి ఇప్పుడు తల్లి అప్పటి వయసు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కొన్ని భయాలు పక్కింటివాళ్ళకి చెప్పినా తగ్గవు, వాళ్ళకి కాలక్షేపం మాత్రం అవుతుంది.

చేతిని ఇంట్లోనే పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. కోడలు బట్టలు కుట్టే మనిషి. కుట్టు మిషను దగ్గర నుంచి లేచి వచ్చి చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ మూతలు ఊడి వరసగా ఉన్నాయి.

"అత్తయ్యా, డబ్బాలన్నీ ఎవరు తెరిచారు?"

"నేనే."

"ఎందుకు?"

"తెరుచుకుంటాయో లేదోనని."

అత్తగారు మూతలన్నీ తిరిగి బిగించింది. సాయంత్రం వంట చేయబోతే ఒక్కటీ రాలేదు కోడలికి. దుప్పట్లు పిండేటప్పుడు ఒక కొస కోడలి చేతికిచ్చి రెండో కొస తను పట్టి మెలితిప్పితే, కోడలు కూడా దుప్పటితోపాటు తిరిగింది.

"పిండేది దుప్పటినా, నన్నా అత్తయ్యా?"

"నువ్వు గట్టిగా నిలబడితే తెలుస్తుంది కదా."

ఇంట్లో ఇంత బలం ఉన్న చెయ్యి ఆసుపత్రి షెడ్డు దాకా వచ్చేసరికి ఏమవుతోంది? దారిలో ఎవరైనా ఎత్తుకుపోతున్నారా? అక్కకు ఏమీ పాలుపోలేదు. పోనీ డాక్టర్ల మధ్య పనిచేస్తూ డాక్టరుకి చూపించకపోవడం ఏమిటని, నరాలు చూసే చిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తన రెండు వేళ్ళు చాపి, "గట్టిగా పిండమ్మా" అన్నాడు. పిండింది. ఆయన వేళ్ళు లాక్కుని బల్ల కింద పెట్టుకున్నాడు.

"చేతికి ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది" అన్నాడు కాసేపటికి. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? మనసులో ఏమైనా దిగులుందా?"

"మనసుకీ మిషనుకీ సంబంధం ఏమిటి బాబూ? తాడు చేత్తో లాగుతాను గానీ మనసుతో లాగుతానా."

ఆయన నవ్వి, బలానికని ఏవో మాత్రలు రాశాడు. చేతిలో బలం ఉందంటాడు, బలానికి మాత్రలంటాడు. ఈ చదువుకున్నవాళ్ళ లెక్క ఆవిడకు ఎప్పుడూ అర్థం కాదు.

అదే సమయంలో సంగతి మరింత చిక్కుపడింది. ఎవరో పెద్ద అధికారి ఆసుపత్రి చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఇప్పటి మేస్త్రీ కంగారు మనిషి. కబురు విన్నప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, షెడ్డు ముందు నిలబడి, "గడ్డి మోకాలెత్తు ఉంది, నీ సీసాలు, నీ తేర్చడాలు తర్వాత, ముందు కదులు. చేతకాకపోతే చేతకాదని చెప్పు" అన్నాడు. చేతకాదన్న మాటకి అక్క ఒళ్ళు భగ్గుమంది. అప్పుడే బంకు నుంచి వచ్చిన డబ్బాలోంచి తిన్నగా పోసి, నూనె కలిపి, కళ్ళెర్రజేసి తాడు లాగింది.

ఒక్క లాగుడు. మిషను లేచింది.

ఆవరణంతా కోసి వచ్చాక కూర్చుని ఆలోచించింది. ఇవాళ కొత్తగా చేసిందేమిటి? కోప్పడింది. అంతే. అంటే కోపం వస్తే చెయ్యి పనిచేస్తుందన్నమాట. రక్తం వేడెక్కి నరాల్లోకి దిగుతుంది కాబోలు. తల్లి జీవితంలో కోపం ఎరగదు. పాపం, అందుకే చెయ్యి చల్లబడిపోయిందేమో. ఇంత తేలిక మందు పెట్టుకుని మాత్రలెందుకు?

మర్నాటి నుంచి అక్క పొద్దున్నే గేటు దగ్గర ఆగడం మొదలుపెట్టింది.

"ఏరా, నిన్న నన్ను చూసి నవ్వావట."

"నేనా? నిన్న నాకు సెలవక్కా."

"సెలవైతే ఇంట్లో కూర్చుని నవ్వి ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా?"

"అక్కా, టీ తాగుతావా?"

"చూశావా, మాట మారుస్తున్నావు."

ఇలా కాసేపు తిట్టి, ఒళ్ళు వేడెక్కిందనిపించాక పరుగున షెడ్డుకి పోయి, వారం రోజులుగా తేరిన పెట్రోలు పోసి, తాడు లాగేది. మిషను లేచేది కాదు. కోపం చాలలేదనుకుని వెనక్కి వచ్చి మళ్ళీ తిట్టేది. గేటు తమ్ముడు మంచివాడు. ఆవిడకు ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని తలొంచుకుని విన్నాడు. తిట్టే మనిషి ఎదురుగా అలా తలొంచుకుంటే కోపం ఎక్కడి నుంచి వస్తుంది? దొంగ కోపం మిషనుకి తెలిసిపోతుందేమో అనుకుంది అక్క. కోడల్ని తిట్టి చూద్దామా అనుకుంది గానీ, ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటే చెయ్యి బాగుపడుతుందో లేదో గాని ఇల్లు పాడవుతుందని ఊరుకుంది.

చివరికి మేస్త్రీ ఒక శుక్రవారం పిలిచి, కోపంగా కాదు, చాలా మెత్తగా చెప్పాడు.

"అక్కా, వయసు ఎవరినీ వదలదు. సోమవారం నుంచి నువ్వు గేటు దగ్గర కుర్చీలో కూర్చో. మిషను అక్కడున్న అతనికి ఇద్దాం. జీతంలో ఏ తేడా ఉండదు."

తిట్టి ఉంటే బాగుండేది. కొంగున ఉన్న తాళం చెవిని పిడికిట్లో పట్టుకుని, "సోమవారం దాకా టైముంది కదా" అని వచ్చేసింది.

ఆ సాయంత్రమే మిషను భుజాన వేసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ చూద్దాంలే అని పిలుస్తారు. బండి కాలిపోతోందన్నా ఆయన జవాబు అదే. మిషను మీద పరాయి చెయ్యి పడటం ఆవిడకు ప్రాణాంతకంగా ఉంది గానీ పీకలమీదికి వచ్చాక పంతాలేమిటి?

"చెయ్యా, మిషనా, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అంది.

"చూద్దాంలే. చెయ్యి నా డిపార్టుమెంటు కాదు" అని ఆయన మిషను విప్పాడు. ట్యాంకులో ఉన్న పెట్రోలును ఒక గాజు గ్లాసులోకి వంపి పక్కన పెట్టాడు. ట్యాంకు నుంచి వచ్చే చిన్న రబ్బరు పైపును వేళ్ళతో నొక్కాడు. స్నానాల గదిలో ఎక్కువసేపు కూర్చున్నవాడి బొటనవేలిలా అది ఉబ్బి మెత్తబడి ఉంది. కార్బురేటరు విప్పితే లోపల ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా పొడి.

"అదేమిటి?" అంది అక్క.

"ఏమో. నాకూ ఈ మధ్యే కనిపిస్తోంది. పాత మిషన్లన్నీ ఇలాగే వస్తున్నాయి. పైపు నాసిరకం అనుకున్నాను. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కూడా కావచ్చు."

"ఒక్కటి చెప్పవయ్యా."

"ఒక్కటే అయితే చెప్పనా?"

ఇద్దరూ టీ తెప్పించుకుని తాగారు. తాగి గ్లాసులు కింద పెడుతుంటే అక్క కన్ను పెట్రోలు గ్లాసు మీద పడింది. అందులో అడ్డంగా ఒక గీత ఉంది. గీతకు పైన ఒక రంగు, కింద ఒక రంగు. మజ్జిగ మీద తేట తేలినట్టు.

చూద్దాంలే గ్లాసు పైకెత్తి దీపానికి అడ్డం పెట్టి చూశాడు. "నీళ్ళు. ఎవరో నీళ్ళు కలిపారు నీకు."

"నేను వారం రోజులు తేర్చి పోశాను. చుక్క నీరు లేదు."

"మరి ఇవెక్కడివి?"

ఆవిడకు ఒక్కసారిగా నిజమైన కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ గేటు దగ్గర దొరకని కోపం. ఆ గ్లాసు మీద కాగితం కప్పి, చేత్తో పట్టుకుని, తిన్నగా పెట్రోలు బంకుకి నడిచింది. అక్కడ పైపు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"పెట్రోలు అడిగితే నీళ్ళమ్ముతారా? ఇదిగో, సాక్ష్యం తెచ్చాను."

ఆ అమ్మాయి గ్లాసు చూసింది. రోజుకి పదిమంది చేత తిట్లు తినే ఉద్యోగం కాబట్టి తొణకలేదు. ఒక గాజు జాడీలోకి పైపు నుంచి కొంచెం పెట్రోలు కొట్టి చూపించింది. గీత లేదు, ఏమీ లేదు.

"మేము నీళ్ళు కలపం పెద్దమ్మా. మీరిది ఎన్నాళ్ళు ఉంచారు? మూత పెట్టారా?"

"గుడ్డ కట్టాను. ఊపిరాడొద్దూ?"

"అక్కడే వచ్చింది చిక్కు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటుంది. అంటే సారా లాంటిదే. చెరుకు నుంచీ గింజల నుంచీ తీసి కలిపి పంపుతారు, మేము కలిపేది కాదు."

అక్క తనకు వినిపించింది నిజమేనా అని ఆ అమ్మాయి మొహం కేసి చూసింది. "నా మిషనుకి నేను ఇన్నాళ్ళూ సారా పోస్తున్నానా?"

"కొంచెమే."

"తాగుబోతులంతా మొదట ఆ మాటే అంటారు. సరే, సారా అయితే సారా. నీళ్ళెక్కడివి?"

"గాల్లోంచి. వానాకాలం గాల్లో తడి ఉంటుంది కదా. సారాకి నీళ్ళంటే ఇష్టం, పీల్చుకుంటుంది. పెట్రోలుకీ నీళ్ళకీ పడదు గానీ సారా ఇద్దరితోనూ కలుస్తుంది."

"అలాంటివాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు."

"అందుకే మీ సీసాలో నీళ్ళు అడుక్కి చేరవు, పెట్రోల్లోనే దాక్కుంటాయి. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. నీళ్ళు మరీ ఎక్కువైనా, రాత్రి చల్లబడినా, అప్పుడు సారా పెట్రోలును వదిలేసి నీళ్ళతో వెళ్ళి అడుగున పడుతుంది. మిషను పీల్చేది అడుగు నుంచే కదా. పాత మిషన్ల రబ్బరుకి కూడా ఇది పడదు, మెత్తబడిపోతుంది. ఎప్పటికప్పుడు కొంచెం కొనుక్కుని, మూత గట్టిగా పెట్టి, త్వరగా వాడేయండి. తేర్చకండి."

"ఎప్పటి నుంచి కలుపుతున్నారు?"

"చాలా రోజులైంది. మొదట తక్కువ, ఇప్పుడు ఎక్కువ."

"నాకెవరు చెప్పారు?"

"పంపు మీద రాసి ఉంది కదండీ."

"రాస్తే చెప్పినట్టా" అంది అక్క.

దారి పొడుగునా ఆవిడ ఆ మాటల్ని ముడి విప్పుతూ నడిచింది. ఒక ముడి విప్పితే ఇంకో ముడి పడింది. శుభ్రంగా కనిపించిందే చెడ్డదట. మడ్డి కనిపించినప్పుడే మంచిదట. జాగ్రత్త పడినకొద్దీ పాడైందట, విసిరికొట్టినట్టు పోసిన రోజున బాగుందట. దేన్నయినా తేరనిచ్చి ముట్టుకోమన్న తల్లి మాట తప్పా? తల్లి రోజుల్లో పెట్రోల్లో సారా లేదు, అది నిజం. మరి మిగతా వాటిలో ఇప్పుడు ఏమేం కలుస్తున్నాయో ఎవరు చెప్పొచ్చారు? ఇంటికెళ్ళి నీళ్ళ బిందె వంక కూడా ఒకసారి అనుమానంగా చూసింది.

చూద్దాంలే కొత్త పైపు వేసి, కార్బురేటరు కడిగి బిగించి ఇచ్చాడు. "ఇప్పుడు లేస్తుందా?" అంటే, ఏమంటాడు, "చూద్దాంలే" అన్నాడు.

సోమవారం పొద్దున్న మేస్త్రీ షెడ్డు ముందుకి వచ్చాడు. గేటు తమ్ముడు కూడా వచ్చాడు. కుర్చీ వదిలి రావలసి వచ్చినందుకు కొంచెం దిగులుగా ఉన్నాడు. అక్క తెల్లవారుతూనే బంకుకెళ్ళి తెచ్చిన పెట్రోలును తేర్చకుండా, నూనె కలిపి, ట్యాంకులో పోసింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. ఊపిరి బిగబట్టింది. తాడు పట్టుకుంది.

చెయ్యి ముందుకు రాలేదు.

బలం లేక కాదు. పెట్రోలు కొత్తది, పైపు కొత్తది, కార్బురేటరు కడిగింది. ఇప్పుడు కూడా లేవకపోతే ఇక అనుమానపడటానికి ఏమీ మిగలదు. చెయ్యి ఒక్కటే మిగులుతుంది. ఇన్నాళ్ళూ తెలియక భయపడింది, ఇప్పుడు తెలుసుకోవడానికి భయపడింది. తాడు పిడి పట్టుకున్న వేళ్ళు తల్లి వేళ్ళలా కనిపించాయి. బిగబట్టిన ఊపిరి వదిలి, పిడి వదిలేసింది.

"ఏమైందక్కా?" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు లాగరా" అంది గేటు తమ్ముడితో.

అతను బెదిరిపోయాడు. "నేనా? అది నీ మిషను కదక్కా, నీ చేతికే వింటుంది."

"లాగమన్నానా."

గేటు తమ్ముడు దూరంగా నిలబడి, కరుస్తుందేమో అన్నట్టు పిడి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని లాగాడు. అది లాగుడు కూడా కాదు, తలుపు గొళ్ళెం తీసినట్టు. మిషను బర్రుమని లేచింది. అతను ఉలిక్కిపడి వెనక్కి దూకాడు.

మేస్త్రీ నవ్వాడు. గేటు తమ్ముడు తన చేతిని తనే చూసుకుని నవ్వాడు. అక్క నవ్వబోయి ఆగిపోయింది.

ముందు వచ్చింది ఊరట. చెయ్యి బాగుంది. తల్లి జబ్బు కాదు. గుండెల మీదినుంచి రోలు దించినట్టయింది. కానీ రోలు దిగిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. ఈ గాలికి ఊగే మనిషి మొహం తిప్పుకుని లాగినా లేచిందే, మరి ఇన్నేళ్ళూ తను లాగిందేమిటి? మిషను మంచిది, పెట్రోలు మంచిది, ఎవరు లాగినా లేచేది. తప్పు చేతిది కాదంటే గొప్ప కూడా చేతిది కాదు. గొప్ప చేతిదంటే ఇప్పుడు ఆ చెయ్యి పోయినట్టు. రెండింట్లో ఏది కావాలో కోరుకోమంటే ఏది కోరుకోవాలో ఆవిడకు తెలియలేదు. ఇంకొకరి చెయ్యి పడనిచ్చి ఉంటే ఏనాడో తెలిసేది కాబోలు. తెలియకపోతేనే బాగుండేది కాబోలు.

"మరి ఇంకేం" అన్నాడు మేస్త్రీ గేటు తమ్ముడి భుజం తట్టి. "నీకూ లేస్తోంది. ఇవాళ్టి నుంచి నువ్వే తీసుకో."

గేటు తమ్ముడు మిషను వంక చూశాడు. మోకాలెత్తు గడ్డి వంక చూశాడు. దూరంగా నీడలో ఉన్న కుర్చీ వంక చూశాడు.

"వద్దు సార్. నాకు ఆ కుర్చీ బాగా అలవాటైపోయింది. ఎండలో తిరిగితే నాకు కళ్ళు తిరుగుతాయి. లాగడం అంటే లాగాను గానీ, తర్వాత అంతసేపు మోయాలి కదా."

"అక్క వయసు చూడు, నీ వయసు చూడు."

"వయసు చూడకండి సార్, కుర్చీ చూడండి. అందులో ఆవిడ ఒక్క పూట కూర్చోగలదా? వచ్చేపోయేవాళ్ళందరినీ తిట్టి పంపిస్తుంది. రోగులు రావడం మానేస్తారు."

మేస్త్రీకి ఆ మాట తగిలింది. ఈ మధ్య పొద్దున్నే గేటు దగ్గర వినిపిస్తున్న తిట్లు ఆయనా విన్నాడు. కాసేపు తల గోక్కుని, "సరే, లేస్తున్నన్నాళ్ళు నువ్వే కొయ్యి అక్కా. ఆ సీసా మాత్రం పారేయ్" అని వెళ్ళిపోయాడు.

అక్క పట్టీ భుజానికి తగిలించుకుంది. మిషను దక్కింది. చేతి బలం వల్ల కాదు, పనితనం వల్ల కాదు, ఒక సోమరివాడు కుర్చీ వదలనన్నందుకు దక్కింది. సంతోషించాలా, సిగ్గుపడాలా తేలక, ఆవిడ ఆ రోజు గోడ వారనున్న గడ్డిని అవసరానికి మించి కురచగా కోసేసింది.

సాయంత్రం కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతి సంగతి అత్తగారు చెప్పకపోయినా, డబ్బాల మూతలూ దుప్పట్లూ చెప్పకనే చెప్పాయి.

"చెయ్యి బాగానే ఉందా అత్తయ్యా?"

"బాగానే ఉంది."

"మరి మొహం అలా పెట్టారేం?"

"చెయ్యి బాగానే ఉందనే."

కోడలికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు అత్తగారికి అర్థమై ఉండాలి.

మర్నాడు పొద్దున్న అక్క గట్టి మూత పెట్టిన డబ్బాలోంచి నిన్న తెచ్చిన పెట్రోలు పోసింది. అటూ ఇటూ చూసి, తాడు లాగింది. లేవలేదు. మళ్ళీ లాగింది. లేచింది.

"ఏమక్కా" అని కుర్చీలోంచే కేకేశాడు గేటు తమ్ముడు, "ఇవాళ చెయ్యా, పెట్రోలా?"

"నీ నోరు" అని, ఆవిడ గడ్డిలోకి నడిచింది.